340బి మందులు: రాష్ట్ర చట్టం దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు

ప్రశ్న: అమెరికాలో ఒక చిన్న పట్టణంలో ఉంటున్నాం. నాన్నగారు గ్రీన్ కార్డు మీద వచ్చి రెండేళ్ళయింది. వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్సు మెడికేర్ రాదు, వేరే ఇన్సూరెన్సు లేదు. కమ్యూనిటీ హెల్త్ సెంటరులో చూపిస్తున్నాం. ఆయన వాడే రక్తం పలుచన చేసే మందు ఇన్నాళ్ళూ మా ఊరి ఫార్మసీలోనే తగ్గింపు ధరకు దొరికేది. ఇకపై ఇక్కడ ఆ ధరకు ఇవ్వలేమని, సెంటరు సొంత ఫార్మసీకి వెళ్ళాలని చెప్పారు. అది యాభై మైళ్ళ దూరం. పేదలను చూసే క్లినిక్‌లకు మందులు తక్కువ ధరకు అమ్మాలన్న కేంద్ర నిబంధనను 340బి అంటారట. దాని మీద రాష్ట్రంలో బిల్లు వస్తే పరిష్కారమవుతుందని సెంటరు వారు అంటున్నారు. కేంద్రం చేసిన చట్టంలో రాష్ట్రం ఎలా వేలు పెడుతుంది? పెట్టినా కోర్టులో నిలుస్తుందా?

సమాధానం:

అన్నిటికంటే ముందు మందు సంగతి. ఈ గొడవ తేలేదాకా సర్దుకుందామని మాత్ర సగం చేసి వేయడం, రోజు విడిచి రోజు వేయడం దయచేసి చేయకండి. రక్తం పలుచన చేసే మందు హఠాత్తుగా ఆగితే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. మందు అయిపోవచ్చిందంటే ఈరోజే సెంటరుకు ఫోను చేసి పరిస్థితి చెప్పండి. వెంటనే దారి చూపడం వారి పనే. మిగతా చట్టం, కోర్టు, బిల్లు అన్నీ ఆ తరువాతే.

ఇక అసలు విషయం. హెల్త్ సెంటర్ల ఫార్మసీ వ్యవహారాలు చాలా ఏళ్ళుగా చూస్తున్న ఫార్మసిస్టుగా చెబుతున్నాను. మీ నాన్నగారి మందుకు సెంటరు చెల్లించవలసిన ధరకు సంబంధించిన చట్టం మారలేదు. నిన్న ఏ సూత్రమో ఈరోజూ అదే సూత్రం. మారిందల్లా ఆ ధరకు కొన్న డబ్బాను ఏ ఫార్మసీకి పంపవచ్చన్నది. ఈ తేడా పట్టుకుంటే కోర్టు తీర్పులన్నీ అర్థమవుతాయి. పట్టుకోకపోతే ఎంత చదివినా గందరగోళమే మిగులుతుంది.

1990లో అమెరికా కాంగ్రెస్ మెడికెయిడ్ కోసం ఒక నిబంధన పెట్టింది. పేదల ఇన్సూరెన్సు అయిన మెడికెయిడ్‌కు మందులు అమ్మాలంటే కంపెనీలు ప్రభుత్వానికి కొంత సొమ్ము వెనక్కి ఇవ్వాలి. బయట ఎవరికైనా అంతకంటే తక్కువకు అమ్ముతుంటే ఆ తక్కువ ధరను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉద్దేశం మంచిదే. కానీ అప్పటిదాకా ధర్మాసుపత్రులకు, మాజీ సైనికుల ఆసుపత్రులకు తమంతట తామే తక్కువకు ఇస్తున్న కంపెనీలు, ఆ ధర మెడికెయిడ్ లెక్కలోకి వస్తుందని చూసి ఆ తగ్గింపులను ఉపసంహరించుకున్నాయి. దాన్ని సరిదిద్దడానికే 1992లో మరో చట్టం వచ్చింది. ప్రజారోగ్య సేవల చట్టంలో 340బి అనే సెక్షన్ దానితోనే చేరింది. మెడికెయిడ్‌కు, మెడికేర్ పార్ట్ బికి తన మందులు అమ్ముకోవాలనుకునే ప్రతి కంపెనీ, పేదలకు వైద్యం చేసే కొన్ని రకాల సంస్థలకు ఒక గరిష్ఠ ధరకు మించకుండా అమ్మి తీరాలి. హైదరాబాదు కంపెనీలు సొంత పేరుతో అక్కడ అమ్మే జనరిక్ మందులకూ ఇదే నియమం.

ఆ సంస్థలు ఏవి? మీరు వెళ్తున్నటువంటి హెల్త్ సెంటర్లు, హెచ్‌ఐవీ రోగులను చూసే రయన్ వైట్ క్లినిక్‌లు, రక్తం గడ్డకట్టని జబ్బు (హీమోఫీలియా) కేంద్రాలు, క్షయ క్లినిక్‌లు, పేద రోగులు ఎక్కువగా వచ్చే పెద్ద ఆసుపత్రులు. 2010లో ఒబామా ఆరోగ్య చట్టం మారుమూల ప్రాంతాల చిన్న ఆసుపత్రులను కూడా చేర్చింది.

గరిష్ఠ ధర లెక్క ఇలా ఉంటుంది. బ్రాండ్ మందుకు కంపెనీకి అందే సగటు ధరలో కనీసం 23.1 శాతం తగ్గించాలి, జనరిక్‌కు 13 శాతం. సగటు ధర 500 డాలర్లనుకుంటే బ్రాండ్ మందు 384 డాలర్ల 50 సెంట్లకు మించకూడదు. ఇది పైకి కనిపించే తగ్గింపే. కంపెనీ ధరను ద్రవ్యోల్బణం కంటే వేగంగా పెంచితే ఆ పెంపు కూడా తగ్గింపులో కలుస్తుంది. ఏటా ధర పెంచుతూ పోయిన కొన్ని పాత మందుల విషయంలో ఈ లెక్క సున్నాకు చేరుతుంది. అప్పుడు సంస్థ యూనిట్‌కు ఒక్క సెంటు చెల్లిస్తే చాలు. కంపెనీల కోపానికి అసలు కారణాల్లో ఇదొకటి, అయితే అది వారు పెంచుకున్న ధరల ఫలితమే కాబట్టి నాకు వారి మీద పెద్దగా జాలి లేదు.

ఇప్పుడు మీ ఊరి ఫార్మసీ ఈ కథలోకి ఎలా వచ్చిందో చూద్దాం. చట్టం వచ్చిన నాటికి చాలా క్లినిక్‌లకు సొంత ఫార్మసీ లేదు. అందుకని ఈ పథకాన్ని చూసే ఫెడరల్ సంస్థ హెచ్‌ఆర్‌ఎస్‌ఏ, సొంత ఫార్మసీ లేని క్లినిక్ బయటి ఫార్మసీ ఒకదానితో ఒప్పందం చేసుకోవచ్చని 1996లో మార్గదర్శకం ఇచ్చింది. 2010లో ఆ పరిమితి తీసేసి, ఎన్ని ఫార్మసీలతోనైనా చేసుకోవచ్చంది. వీటినే కాంట్రాక్టు ఫార్మసీలంటారు. మందు కొనేది క్లినిక్, బిల్లు కట్టేది క్లినిక్, పెట్టె దిగేది ఫార్మసీ గుమ్మంలో.

ఆచరణలో ఇంకో మెలిక ఉంది. మీ నాన్నగారు డాక్టరు రాసిన మందుల చీటీ తీసుకెళ్ళినప్పుడు ఫార్మసీ తన అరలో ఉన్న మందే ఇస్తుంది. 340బి మందుకు వేరే అర ఉండదు. ఆ చీటీ అర్హమైనదా, రోగి నిజంగా ఆ క్లినిక్ రోగేనా అని తరువాత సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. అలా ఇచ్చిన మాత్రలు ఒక పూర్తి డబ్బాకు సరిపడా పోగయ్యాక, క్లినిక్ పేరు మీద తగ్గింపు ధరకు ఒక డబ్బా కొని ఫార్మసీ అరలోకి భర్తీ చేస్తారు. పొరుగింటివారు అరువిచ్చిన బియ్యాన్ని తరువాత కొలిచి తిరిగి ఇచ్చినట్టు. అక్రమం జరుగుతోందని కంపెనీలు అనేది ఈ భర్తీ పద్ధతి మీదే. ఒకే డబ్బా మీద క్లినిక్‌కు 340బి తగ్గింపు, రాష్ట్రానికి మెడికెయిడ్ రిబేటు రెండూ పోతున్నాయని, క్లినిక్‌కు సంబంధం లేని రోగుల చీటీలు కలుస్తున్నాయని వారి ఫిర్యాదు. రెండూ చట్టం స్పష్టంగా నిషేధించినవే. అలాంటివి అసలు జరగడం లేదని నేను అనను. తనిఖీల్లో బయటపడిన సందర్భాలున్నాయి, సంస్థలు సొమ్ము వెనక్కి కట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఆ తనిఖీ చేసే హక్కు చట్టంలోనే కంపెనీలకు ఉంది. అయినా వారిలో చాలామంది ఆ దారి పట్టలేదు.

2020 వేసవిలో ఎలై లిల్లీ ఒక మందుతో మొదలుపెట్టి, సెప్టెంబరు నాటికి తన మందులన్నిటికీ కాంట్రాక్టు ఫార్మసీలకు తగ్గింపు ధర నిలిపివేసింది. ఆస్ట్రాజెనెకా, సనోఫీ, నోవార్టిస్ ఏదో ఒక రూపంలో అదే బాట పట్టాయి. కోవిడ్‌తో క్లినిక్‌లు ఊపిరాడక ఉన్న రోజులవి. ఆ తరువాత ముప్పైకి పైగా కంపెనీలు చేరాయి. షరతులు ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. సొంత ఫార్మసీ ఉంటే బయటిది కుదరదని ఒకరు, లేకపోతే ఒక్కటే ఎంచుకోమని మరొకరు, 40 మైళ్ళ లోపు ఉండాలని ఇంకొకరు, ప్రతి చీటీ సమాచారం మా వెబ్‌సైటులో పెడితేనే ఇస్తామని వేరొకరు. మీ సెంటరుకు సొంత ఫార్మసీ ఉంది. అందుకే మీ ఊరి ఫార్మసీలో తగ్గింపు ఆగింది. సెంటరుకు ఫార్మసీ ఉండడమే మీకు అనర్హత అయింది. ఇది నాకు ఎన్నిసార్లు చూసినా మింగుడుపడని విషయం. యాభై మైళ్ళ దూరంలో ఫార్మసీ ఉన్నంత మాత్రాన, కారు నడపలేని పెద్దాయనకు మందు అందుబాటులో ఉన్నట్టు ఎలా అవుతుంది?

ఫెడరల్ ప్రభుత్వం ఊరుకోలేదు. ఇది చట్టవిరుద్ధమని 2021లో కంపెనీలకు లేఖలు రాసింది. కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి, చాలావరకు గెలిచాయి కూడా. అక్కడ ఫెడరల్ అప్పీలు కోర్టులను ప్రాంతాలవారీగా సర్క్యూట్‌లంటారు. 2023 జనవరిలో థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఎన్ని కాంట్రాక్టు ఫార్మసీలకైనా మందు పంపి తీరాలని 340బి చట్టంలో ఎక్కడా లేదని చెప్పింది. 2024 మేలో డీసీ సర్క్యూట్ కూడా కంపెనీలు షరతులు పెట్టడం దానంతటదే తప్పు కాదంది. చట్టం చదివితే ఈ తీర్పుల తర్కం అర్థమవుతుంది. ఏ ధరకు ఇవ్వాలో కాంగ్రెస్ రాసింది, ఎక్కడ ఇవ్వాలో రాయలేదు. పోనీ క్లినిక్‌లే నేరుగా దావా వేద్దామంటే ఆ తలుపూ మూసి ఉంది. 340బి ఒప్పందాన్ని అమలు చేయమని సంస్థలు స్వయంగా కంపెనీల మీద దావా వేయలేవని సుప్రీంకోర్టు 2011లోనే ఆస్ట్రా కేసులో తేల్చింది.

రాష్ట్రాలు ప్రవేశించింది ఈ ఖాళీలోకి. మార్గం చూపింది అర్కాన్సాస్. అక్కడి శాసనసభ 2021లో చేసిన 1103వ చట్టం సారాంశం చిన్నదే: క్లినిక్‌తో ఒప్పందం ఉన్న ఫార్మసీకి 340బి మందు చేరకుండా తయారీ కంపెనీ అడ్డుపడకూడదు. అమలు బాధ్యత రాష్ట్ర ఇన్సూరెన్సు శాఖకు అప్పగించారు. కంపెనీల సంఘం ఫార్మా వెంటనే సవాలు చేసింది. కింది కోర్టులో ఓడింది, 2024 మార్చిలో ఎయిత్ సర్క్యూట్ అప్పీలు కోర్టులోనూ ఓడింది.

మీ ప్రశ్నకు నేరుగా జవాబు ఆ తీర్పులోనే ఉంది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం. మన దేశంలో మందులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, ధరల నియంత్రణ కేంద్రం చేతిలో ఉంది. కేంద్ర చట్టంతో రాష్ట్ర చట్టం విభేదిస్తే కేంద్రానిదే పైచేయి అని రాజ్యాంగం 254వ అధికరణం చెబుతుంది. అమెరికా రాజ్యాంగంలోనూ అలాంటి నియమం ఉంది. కంపెనీల వాదన దాని మీదే నిలబడింది. 340బి పూర్తిగా ఫెడరల్ పథకం, ఇందులో రాష్ట్రం ఒక్క అక్షరం చేర్చినా చెల్లదని వాదించాయి. ఎయిత్ సర్క్యూట్ ఒప్పుకోలేదు. ఫార్మసీలను నియంత్రించడం మొదటి నుంచీ రాష్ట్రాల పని. మందు రోగికి ఎలా చేరాలన్న విషయంలో కాంగ్రెస్ మౌనంగా ఉంది. ధరను ముట్టుకోకుండా, కొత్త తగ్గింపు సృష్టించకుండా, పంపిణీకి అడ్డు తొలగించిన రాష్ట్ర చట్టం ఫెడరల్ పథకానికి తోడ్పడుతుందే తప్ప దాన్ని దెబ్బతీయదు. ఇదీ తీర్పు సారం. ఏ మౌనాన్ని చూపించి కంపెనీలు థర్డ్ సర్క్యూట్‌లో గెలిచాయో, అదే మౌనం అర్కాన్సాస్‌కు తలుపు తెరిచింది. చట్టంలో లేదు కాబట్టి మేము షరతులు పెడతామని కంపెనీ అనగలిగితే, చట్టంలో లేదు కాబట్టి మేము షరతులు తీసేస్తామని రాష్ట్రం కూడా అనగలదు.

2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసు విచారణకు తీసుకోలేదు. దీన్ని కొందరు సుప్రీంకోర్టు సమర్థించిందని రాస్తున్నారు, అది నిజం కాదు. విచారణకు తీసుకోకపోవడం వేరు, సమర్థించడం వేరు. ఎయిత్ సర్క్యూట్ తీర్పు ఆ పరిధిలోని ఏడు రాష్ట్రాల్లో నిలిచింది, అంతవరకే.

తరువాత లూసియానా 2023లో చట్టం చేసింది. 2024లో మిసిసిపీ, కాన్సస్, మిస్సోరీ, మిన్నెసోటా, మేరీలాండ్, వెస్ట్ వర్జీనియా చేశాయి. 2025లో మరికొన్ని చేరి సంఖ్య ఇరవై దాటింది. ఈ జాబితాలో రెండు పార్టీల రాష్ట్రాలూ ఉన్నాయి. అర్కాన్సాస్, మిసిసిపీ రిపబ్లికన్ల కోటలు. మిన్నెసోటా, మేరీలాండ్ డెమొక్రాట్లవి. మీ ప్రతినిధి ఏ పార్టీ అయినా ఇది అవతలివారి బిల్లు అనే సాకుకు తావు లేదు. మిసిసిపీ చట్టాన్ని ఆపమని ఆబ్‌వీ కంపెనీ వేసిన కేసులో, 2025 సెప్టెంబరులో ఫిఫ్త్ సర్క్యూట్ కూడా తాత్కాలిక నిషేధానికి నిరాకరించింది.

అన్నిచోట్లా ఇలాగే జరగలేదు. వెస్ట్ వర్జీనియా చట్టాన్ని అక్కడి ఫెడరల్ జిల్లా కోర్టు 2024 డిసెంబరులో తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ చట్టం ఫార్మసీకి మందు ఆపవద్దనడంతో ఆగలేదు. చీటీల సమాచారం ఇవ్వమని కంపెనీ అడగడాన్ని కూడా నిషేధించింది. సమాచారం లేకుండా కంపెనీ తనిఖీ కోరలేదు, ఫెడరల్ చట్టం ఇచ్చిన తనిఖీ మార్గాన్ని రాష్ట్రం మూసేసినట్టవుతుందని కోర్టు భావించింది. అలాంటి చట్టాల్లో బలహీనమైన కీలు ఇదేనని నా అభిప్రాయం. క్లినిక్‌ల తరఫున మాట్లాడే నా సహోద్యోగులు కొందరు దీనికి ఒప్పుకోరు. సమాచారం పేరుతో కంపెనీలు చేసే వేధింపు వారు రోజూ చూస్తున్నారు, వారి బాధ నిజమే. కానీ కోర్టులో నిలవని క్లాజు కోసం మొత్తం చట్టాన్ని పణంగా పెట్టడం మీ నాన్నగారికి మేలు చేయదు. మీ రాష్ట్రం బిల్లులో ఆ క్లాజు ఉంటే, ఒక క్లాజు చెల్లకపోయినా మిగతా చట్టం నిలుస్తుందన్న వాక్యం కూడా ఉండాలి.

ఇక చాలామంది తప్పించుకుపోయే విషయం. రాష్ట్ర చట్టం కాపాడేది క్లినిక్ తక్కువకు కొనే హక్కును. కౌంటరు దగ్గర మీ నాన్నగారు చెల్లించే ధరను అది తనంతట తాను తగ్గించదు. ఫెడరల్ చట్టం కూడా తగ్గించదు. తగ్గింపును రోగికి అందించాలని 340బిలో ఎక్కడా లేదు. ఇన్సూరెన్సు ఉన్న రోగి వచ్చినప్పుడు ఇన్సూరెన్సు సంస్థ మామూలు ధర చెల్లిస్తుంది. క్లినిక్ కొన్న ధరకూ దానికీ ఉన్న తేడాలో ఫార్మసీ రుసుము పోగా మిగిలింది క్లినిక్‌ది. కాంగ్రెస్ ఉద్దేశించినదీ అదే: చాలీచాలని నిధులతో నడిచే సంస్థలు ఆ మిగులుతో ఎక్కువమంది పేదలను చూడాలని. హెల్త్ సెంటరులో ఆ డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇన్సూరెన్సు లేనివారి మందులకు, పళ్ళ వైద్యానికి, తెలుగో స్పానిషో మాట్లాడే రోగికి దుబాసీకి పోతుంది. ఫెడరల్ గ్రాంటు షరతుల వల్ల హెల్త్ సెంటరు ఆ సొమ్మును తన సేవలకే వాడాలి.

పెద్ద ఆసుపత్రుల విషయంలో అలాంటి కట్టుబాటు లేదు. 2023లో 340బి ధరలకు జరిగిన కొనుగోళ్ళు దేశం మొత్తం మీద 6,630 కోట్ల డాలర్లు. అందులో సింహభాగం ఆసుపత్రులదే. కాంట్రాక్టు ఫార్మసీల్లో ఎక్కువ భాగం పెద్ద గొలుసు దుకాణాలే, వాటి వాటా వాటికి పోతుంది. మిన్నెసోటా ఒక మంచి పని చేసింది. ఈ సంస్థలు 340బి వల్ల ఎంత మిగుల్చుకున్నాయో ఏటా చెప్పాలని చట్టం చేసి, 2023 లెక్కను బయటపెట్టింది. ఆ ఒక్క రాష్ట్రంలో కనీసం 63 కోట్ల డాలర్ల మిగులు తేలింది. అందులో దాదాపు 80 శాతం కొద్దిపాటి పెద్ద ఆసుపత్రులకే చేరింది. కంపెనీలు ఈ లెక్కను చూపించి మొత్తం పథకాన్నే కుదించాలంటాయి. నాకు అందులో కనిపించేది వేరు. పంపిణీని కాపాడే చట్టంతో పాటే లెక్క చెప్పే బాధ్యత కూడా పెట్టాలి. లెక్క చెప్పడానికి భయపడే సంస్థ, పేదల పేరుతో తగ్గింపు అడగకూడదు. హెల్త్ సెంటర్లు ఇలాంటి పారదర్శకతను వ్యతిరేకించి పెద్ద ఆసుపత్రుల వెనక నిలబడటం నాకు బాధ కలిగిస్తుంది. వాటికి దాచవలసినది ఏమీ లేదు.

మరో ప్రమాదం గురించి కూడా బిల్లులో చూసుకోవాలి. కొన్ని కంపెనీలు ముందుగా తగ్గింపు ఇవ్వడం మానేసి, క్లినిక్ పూర్తి ధర కట్టాక తేడాను తరువాత వెనక్కి ఇస్తామంటున్నాయి. 2024లో జాన్సన్ అండ్ జాన్సన్ ఈ పద్ధతిని ప్రకటించింది, ప్రభుత్వం అడ్డుకుంది. మరుసటి ఏడాది ప్రభుత్వమే కొన్ని మందులతో ప్రయోగాత్మకంగా 2026 జనవరి నుంచి మొదలుపెట్టాలనుకుంది. 2025 డిసెంబరు చివర్లో మెయిన్ రాష్ట్రంలోని ఫెడరల్ కోర్టు దాన్ని నిలిపివేసింది. కాగితం మీద రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ నెలాఖరు జీతాలకు వెతుక్కునే క్లినిక్, లక్షల డాలర్ల మందులు పూర్తి ధరకు కొని వారాల తరబడి ఎదురుచూడగలదా? ఎదురుచూసినా, ఫలానా చీటీ చెల్లదని కంపెనీ అంటే ఆ డబ్బు కోసం ఎవరి చుట్టూ తిరగాలి? తగ్గింపు కొనేటప్పుడే దక్కాలని మీ రాష్ట్ర బిల్లులో ఉందా అని అడగండి. అయితే ఇది ధరకు దగ్గరగా ఉన్న విషయం కాబట్టి, పంపిణీ క్లాజుకు ఉన్నంత న్యాయబలం దీనికి ఉంటుందని నేను హామీ ఇవ్వను.

బిల్లు ఈ సమావేశాల్లోనే ఆమోదం పొందినా అమలుకు నెలలు పడుతుంది. ఆలోపు మీరు చేయగలిగినవి ఉన్నాయి.

చీటీ ఎవరు రాశారో చూడండి. బయటి గుండె వైద్యుడు రాసిన చీటీకి 340బి వర్తించకపోవచ్చు. హెల్త్ సెంటరు వైద్యుడే రాస్తే, లేదా సెంటరు పంపిన రిఫరల్ వారి రికార్డులో ఉంటే దారి సులువవుతుంది. తగ్గింపు పోయిన కుటుంబాల్లో కొందరి సమస్య అసలు కంపెనీ షరతు కాదు, ఈ చీటీ దగ్గరే ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు.

సెంటరు సొంత ఫార్మసీ మందును పోస్టులో ఇంటికి పంపుతుందా అని అడగండి. చాలా సెంటర్లు రాష్ట్రం లోపల పంపుతాయి. మూడు నెలల మందు ఒకేసారి రాయించుకుంటే యాభై మైళ్ళ దూరం చాలావరకు అడ్డు కాదు. మీ విషయంలో అన్నిటికంటే త్వరగా పనిచేసేది ఇదే కావచ్చు.

ఆదాయాన్ని బట్టి ఇచ్చే రాయితీకి దరఖాస్తు తాజాగా ఉందో లేదో చూడండి. పేదరిక రేఖకు రెండింతల లోపు ఆదాయం ఉన్నవారికి హెల్త్ సెంటరు రాయితీ ఇవ్వాలి. 2025లో ఆ రేఖ ఒక్కరికి 15,650 డాలర్లు, నలుగురి కుటుంబానికి 32,150గా ఉండేది. మీతో కలిసి ఉంటున్న నాన్నగారిని మీ కుటుంబంలో లెక్కిస్తారా, విడిగానా అన్నది సెంటరు నియమావళిని బట్టి ఉంటుంది. ఆ ఒక్క తేడాతో ధర పూర్తిగా మారిపోవచ్చు. మొహమాటపడకుండా అడగండి.

బ్రాండ్ మందుల కంపెనీలు తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా ఇచ్చే పథకాలు నడుపుతాయి. ఆ కాగితాలు నింపడానికి సెంటరులో మనిషి ఉంటారు. మెట్‌ఫార్మిన్, అమ్లోడిపిన్, అటోర్వాస్టాటిన్ లాంటి పాత జనరిక్‌ల కోసం మాత్రం ఈ తంటాలు పడకండి. అవి ఏ ఫార్మసీలోనైనా కొద్ది డాలర్లకే దొరుకుతాయి. పోరాటమంతా బ్రాండ్ మందు మీదే పెట్టండి.

ఇంకొకటి, మనవారిలో చాలామంది పొరబడే విషయం. గ్రీన్ కార్డు తల్లిదండ్రులు మెడికేర్ కొనుక్కోవడానికి 65 ఏళ్ళు నిండి, అయిదేళ్ళు వరుసగా ఇక్కడ నివసించి ఉండాలన్నది నిజమే. కానీ ఒబామా ఆరోగ్య చట్టం కింద ఎవరికి వారు కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్సుకు ఆ అయిదేళ్ళ నియమం లేదు. సబ్సిడీ వస్తుందా, ఎంత వస్తుందన్నది కుటుంబ ఆదాయం మీద, పన్ను పత్రాల్లో ఆయనను మీ మీద ఆధారపడినవారిగా చూపారా లేదా అన్నదాని మీద ఉంటుంది. నిబంధనలు ఈ మధ్యే మారాయి కాబట్టి ఇన్సూరెన్సులో చేరడానికి సాయపడే సెంటరులోని నావిగేటర్‌తో ఒకసారి కూర్చోండి.

బిల్లు విషయంలో మీ గొంతుకు విలువ లేదనుకోకండి. కమిటీ విచారణల్లో ఒకవైపు కంపెనీల న్యాయవాదులు, మరోవైపు ఆసుపత్రుల సంఘాలు గంటల తరబడి మాట్లాడతాయి. రోగి కుటుంబం నుంచి వచ్చి, ఈ మందు మా ఊరిలో ఇంతకు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు, తేవడానికి ఇంత దూరం వెళ్ళాలి అని రెండు నిమిషాలు చెప్పేవారు చాలా తక్కువ. ఓటు హక్కు లేకపోయినా మీరు ఆ నియోజకవర్గం నివాసులే, రాతపూర్వకంగా కూడా వాంగ్మూలం పంపవచ్చు. పాత రసీదు, కొత్త ధర రెండూ జత చేయండి. నాన్నగారి వీసా వివరాలు, వైద్య చరిత్ర రాయవలసిన అవసరం లేదు. ఆ కాగితాలు బహిరంగ రికార్డులోకి వెళ్తాయి.

బిల్లు పాఠంలో నేనైతే మొదట వెతికేది అమలు క్లాజు. కంపెనీ ఉల్లంఘిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎంత జరిమానా, దర్యాప్తు చేసే అధికారం ఎవరిది? అర్కాన్సాస్‌లో ఇన్సూరెన్సు కమిషనర్ చూస్తారు. మరికొన్ని రాష్ట్రాల్లో అటార్నీ జనరల్ లేదా ఫార్మసీ బోర్డు. ఎవరి పేరూ లేకపోతే ఆ చట్టం మీ ఊరి ఫార్మసీ అరదాకా రాదు. బిల్లు నంబరు తెలిస్తే ఇక్కడ రాయండి, చదివి ఏ క్లాజు దగ్గర పట్టుబట్టాలో చెబుతాను. అన్నట్టు, పోస్టులో పంపే విషయం ఈ వారంలోనే అడగండి, శాసనసభ కోసం ఆగవద్దు.